నాలుగు కుక్కలు, రెండు పాళ్లు

నిన్న పొద్దున కరీంనగర్‌లో, మా కాలనీ పార్కులో, ఒక కుక్క నన్ను తోలుకుపోయి మనుషుల్లో కలిపింది. కరవలేదు, మొరగలేదు. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి, పిక్కకు ముక్కు ఆనించి, తల కాస్త వంచి కంటికొసనుంచి ఒక చూపు చూసి, నేను అటు ఒక అడుగు వేస్తే అటునుంచి, ఇటు వేస్తే ఇటునుంచి అడ్డం తిరిగి, రోజూ నేను దూరంనుంచే నమస్కారం పెట్టి తప్పించుకునే ముసలివాళ్ల బెంచీ దాకా నన్ను చేర్చి, ఇక తన డ్యూటీ అయిపోయినట్టు గడ్డిలో పడుకుంది. నల్లటి ఒళ్లు, మెడచుట్టూ తెల్ల కండువా, నుదుటినుంచి ముక్కుదాకా ఎవరో శ్రద్ధగా దిద్దినట్టు తెల్లని నామం. తాడు చేత పట్టుకుని దాని వెనకే పరుగెత్తుకొచ్చిన అమ్మాయి, మా కింది అంతస్తులో కొత్తగా దిగినవాళ్ల బిడ్డ, సారీ చెప్పి, ఇది బోర్డర్ కోలీ అనీ, గొర్రెలు కాసే జాతి అనీ, మనుషులు చెదిరి ఉంటే దీనికి తోచదనీ నాకు పాఠం చెప్పబోయింది. పాఠాలు చెప్పడమే నా వృత్తి కాబట్టి వినడం నాకు అలవాటు లేదు. నాకు తెలుసమ్మా అన్నాను. తెలియకేం, ఒకటి కాదు, నాలుగింటిని పెట్టుకుని ఒకే కప్పు కింద కాపురం చేసినవాణ్ని. ఆ తర్వాత ఆ అమ్మాయి నన్ను ఇంకో మాట అడిగింది. దానికి నేనిచ్చిన జవాబు చివర్న చెబుతాను, ఎందుకంటే ఆ చిన్న జవాబు నోట్లోంచి రావడానికి నాకు ఏడేళ్లు పట్టింది.

ఖానాపూర్ చుట్టుపక్కల బళ్లలో ముప్పై మూడేళ్లు తెలుగు పంతులుగా చేశాను. బడిలో ‘వచ్చాడు’ అని రాయించి, ఇంటికి రాగానే ‘అచ్చిండా’ అని అడిగిన తరం మాది. కనుక ఈ రాతలో అక్కడక్కడ రెండూ కలిసిపోతే నా వయసువాళ్లు మన్నిస్తారు, చిన్నవాళ్లు ఎలాగూ చదవరు. అవ్వ, బాపు పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం: నేను, తమ్ముడు, మరదలు. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ నిర్మల్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేది. నా ఇంటిది పెళ్లయిన నాలుగో ఏటనే జ్వరమొచ్చి పోయింది. మళ్లీ చేసుకోమని అందరూ అన్నారు; ఊళ్లో పిల్లలందరికీ సంధులూ సమాసాలూ చెప్పాను గానీ, నాకు మాత్రం మళ్లీ ఏ సంధీ కుదరలేదు. తమ్ముడికి చదువు అబ్బలేదు, భూమి అబ్బింది. కాలువ కింద వరి, గట్టుమీద మక్క, అవి చాలవన్నట్టు మా ఇండ్లల్లో ఎవరూ పెట్టని గొర్ల మందనొకటి పెట్టి, చుట్టాలు నవ్వితే వాళ్లతో కలిసి తనూ నవ్వేవాడు.

ఆ తమ్ముడు ఒకసారి హైదరాబాద్‌కు చుట్టాల పెళ్లికి పోయాడు. పెళ్లివారింట్లో ముచ్చటపడి కొనుక్కున్న ఒక కుక్క, పెళ్లికొచ్చిన పిల్లలందరినీ పదే పదే ఒక మూలకు తోలి నిలబెడుతుంటే, ఇంటివాళ్లు తలలు పట్టుకున్నారట, మావాడు మాత్రం బంతిలో సగం తిన్న విస్తరి ముందునుంచి లేచి దాని వెంట తిరిగాడట. అడగడమే ఆలస్యం, దాని పళ్లెం, దాని దుప్పటితో సహా ఇచ్చేశారు. పెళ్లి సామాను తెచ్చిన వ్యాన్‌లోనే దాన్ని ఎక్కించుకుని దర్జాగా ఊళ్లో దిగాడు. ఇచ్చినవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. నెల తిరిగేసరికి ఒకటి నాలుగైంది. కోలీ అని తమ్ముడు ఎన్నిసార్లు చెప్పినా ఊరివాళ్లు కోళ్ల కుక్కలనే అన్నారు, మీ కోళ్ల కుక్కలు మా కోళ్లను కూడా కాస్తయా అని వెక్కిరించారు. పేర్లు పెట్టే బాధ్యత మాత్రం, చదువుకున్నవాడినని, నామీద పడింది.

తల్లికి దొరసాని అని పెట్టాను. మూడు రోజుల్లోనే బాపు పడక కుర్చీని ఆక్రమించింది, మక్క నూకలు వండిన గటకలో చల్ల పోస్తేనే ముట్టేది, మరదలు కొట్టంలోంచి పిలిస్తే మనకేసి చూసి, పిలుపు మనకేమో అన్నట్టు మళ్లీ కళ్లు మూసుకునేది. కానీ మంద దగ్గరికి పోయిందంటే పరుగెత్తేది కాదు, నేలకు ఆనుకుని ఊరికే చూసేది. ఆ చూపుకు అరవై గొర్లు గుంపుగా ముడుచుకునేవి. ముప్పై మూడేళ్ల సర్వీసులో, చేతిలో బెత్తం కూడా ఉండి, ఆ చూపు నాకు ఒక్కనాడూ పట్టుబడలేదు.

దాని పిల్లల్లో పెద్దవాడు పట్వారి. ఊరి లెక్కలు రాసే ఉద్యోగి పేరది; నేను పెట్టానంటే తప్పు, వాడే సంపాదించుకున్నాడు. గొర్లు దొడ్లోకి పోతుంటే తలుపు పక్కన నిలబడి ఒక్కొక్కదాన్ని చూసేవాడు, ఒకటి తక్కువైతే కదిలేవాడు కాదు. అదే లెక్క మనుషులకు కూడా. పొద్దుగూకి దీపాలు పెట్టే వేళకు మేం ముగ్గురం వాకిట్లో కనబడాలి, కనబడితేనే వాడు గిన్నెలో మూతి పెట్టేది. బడిలో ఆలస్యమైతే ఊరి మొగదాకా వచ్చి, నేను హెడ్మాస్టరుతో మాట్లాడుతున్నానన్న మర్యాద కూడా లేకుండా, మా ఇద్దరినీ కలిపి ఇంటికి తోలుకొచ్చేవాడు. పాపం ఆ హెడ్మాస్టరు మా ఇంట్లో ఎన్ని సాయంత్రాలు అనుకోకుండా చాయ్ తాగిండో. ఒకసారి ఏదో సర్వే రాసుకోవడానికి వచ్చినాయనను, తమ్ముడు పొలంనుంచి వచ్చేదాకా వాకిట్లోంచి కదలనియ్యలేదు. ఇంట్లో ఎంతమంది అని ఆయన అడిగితే, మా పట్వారిని అడగండి అని మరదలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూడోది ఆడది, దాని పేరు బుగులు. కుక్కర్ కూతకు బుగులు, ఎండలో ఆరేసిన చీర ఎగిరితే బుగులు, తనకు తుమ్మొస్తే తనే బుగులు. మందలోకి పంపితే గొర్ల వెనక దాక్కునేది. ఎందుకో అది నన్ను ఎంచుకుంది. ఊళ్లో నాకంటే పిరికివాడు దానికి దొరకలేదేమో. నా అర్ర గడప దగ్గర పడుకునేది, నేను దగ్గితే చాలు లేచివచ్చి మంచం పట్టెమీద గదవ ఆనించి చూసేది. చాలాకాలం ఒక్కడే పడుకున్నవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది: గదిలో ఇంకొక ఊపిరి వినబడటం అంటే ఏమిటో. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు. కుక్క ఊపిరి విని నిద్రపోతున్నానని ఒక తెలుగు పంతులు ఎవరితో చెప్పుకుంటాడు.

చివరివాడు సర్వపిండి. గిన్నె అడుక్కి అతుక్కుని కాలే మా దిక్కు పిండివంటలాగే వాడూ నేలకు అతుక్కుని ఉండేవాడు, తీయాలంటే కింద అట్లకాడ పెట్టాలి. గొర్లు తనమీదనుంచి దాటిపోయినా కన్ను తెరవడు. ఆ జాతిలో అలాంటివాడు పుట్టడని తర్వాత చదివాను. మా ఇంట్లో పుట్టాడు. వాణ్ని తట్టుకునే నేను పడ్డాను. వానాకాలం, చేతిలో మూడు తరగతుల పరీక్ష పేపర్ల కట్ట, గడప దాటబోతే అవతల సర్వపిండి. పేపర్లు పైకి, నేను కిందికి. కుడి మోకాలి చిప్ప పగిలింది. వాడు మాత్రం తల ఎత్తి, ఎవరు పడ్డరో చూసి, మళ్లీ పడుకున్నాడు.

ఆటో మా సందులోకి రాదు. తమ్ముడు నన్ను చిన్నపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు వీపున వేసుకుని, ఆ బురదలో, సర్వపిండినీ వాడి ఏడు తరాలనూ తిట్టుకుంటూ రోడ్డుదాకా మోశాడు. అక్కడ ఆటో ముందు పట్వారి అడ్డంగా పడుకున్నాడు, ఇంటి మనిషి ఒకడు లెక్కలోంచి పోతున్నాడు మరి. కరీంనగర్ దవాఖానాలో ఉన్నన్ని రోజులూ తమ్ముడు నా మంచం కిందనే చాప వేసుకుని పడుకున్నాడు. మోకాలు అతికితే కోడెను కడతానని వేములవాడ రాజన్నకు మొక్కుకుని, నేను కర్ర పట్టుకుని నడవగానే పోయి ఆ మొక్కు తీర్చుకొచ్చాడు. ఆనాటినుంచి మా ఇద్దరి మధ్య ఒక అలవాటు పడింది. కాలువ కట్టమీద నడుస్తుంటే, ఎగుడుదిగుడు వచ్చినచోట, వాడు ముందుకు చూస్తూనే “ఎట్లున్నదన్నా మోకాలు” అనేవాడు. “నొస్తుందిరా” అనేవాణ్ని. వెనక్కి తిరగకుండానే చెయ్యి వెనక్కి చాచేవాడు, నేను పట్టుకునేవాణ్ని. అంతే. అన్నదమ్ముల మధ్య అంతకంటే పెద్ద మాటలు మా తరంలో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఇక్కడిదాకా రాయడం సులువుగానే ఉంది. రిటైరయ్యాక సంగతి రాయాలి.

ముప్పై మూడేళ్లు ఎర్ర సిరా పట్టిన చెయ్యి ఊరుకోదు. పిల్లలు లేకపోయేసరికి ఇల్లంతా నాకు జవాబు పత్రంలా కనబడసాగింది. తమ్ముడు నీళ్లు పారించే తీరు దిద్దాను, మందులు కొట్టే తీరు దిద్దాను, ఊరివాళ్లతో మాట్లాడుతుంటే వాడి మాట కూడా దిద్దాను. వాడు నవ్వి ఊరుకునేవాడు. ఒకనాడు తమ్ముడు ఖానాపూర్‌కు పోయిన సమయం చూసి, మందను మేపడం ఎంత శాస్త్రీయంగా చేయవచ్చో నిరూపించాలని, బడిలో ఆటల పంతులు నాకు గుర్తుగా ఇచ్చిన విజిల్ మెడలో వేసుకుని, కుక్కలను తీసుకుని నేనే బయలుదేరాను. తమ్ముడు వాటికి నాలుక మడిచి చేసే చప్పుడు నేర్పాడు, నాది పీటీ విజిల్. ఒకసారి ఊదితే దొరసాని కూర్చుంది, రెండోసారి ఊదితే పట్వారి గొర్లను వదిలేసి నన్ను ఇంటికి తోలబోయాడు, బుగులు పారిపోయింది, సర్వపిండి సంగతి మీకు తెలుసు. అరవై గొర్లూ పక్కవాళ్ల మక్కచేన్లో పడ్డాయి. చేనివాళ్లు వచ్చారు, ఊరు పోగయింది, అప్పుడే తమ్ముడు కూడా వచ్చాడు. తప్పు నాదని అనడానికి నోరు రాలేదు. పదిమంది ముందర, కుక్కలను నేర్పిన తీరే తప్పని, చదువు లేనివాడి పని ఇట్లనే ఉంటదని తమ్ముణ్నే అన్నాను.

వాడు కోపానికి రాలేదు. గొర్లను మలుపుకుని, చేనివాళ్లకు దండం పెట్టి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక నెమ్మదిగా అన్నాడు. “అన్నా, నువ్వు బడికెల్లి రిటైరయినవ్ గని, బడి నీకెల్లి రిటైరు కాలే. వేరువడుదాం.”

ఒక్క మాట, తప్పైందిరా అంటే సరిపోయేది. నేను సరే అన్నాను.

మా మేనమామ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వాకిట్లో కూర్చున్నారు. మా దిక్కు పాళ్లు పంచుకునే పద్ధతి ఒకటుంది: పెద్దవాడు పాళ్లు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. ఎక్కువ తక్కువ వేస్తే వేసినవాడికే నష్టం కాబట్టి ఇందులో మోసం ఉండదని పెద్దల నమ్మకం. భూమి, బావి, అవ్వ ఇత్తడి సామాను, బాపు కుర్చీ, అన్నీ సాఫీగా అయిపోయాయి. గొర్లు వాడివి కాబట్టి వాడికే అన్నారు. లేచిపోబోతూ మేనమామ, కుక్కలెట్లర మరి అని అడిగాడు. అవి కూడా పాల్లో పడాల్సిందేనని నేనే అన్నాను. నేనే పాళ్లు వేశాను.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, నేను లెక్క వేసుకునే వేశాను. నాకు బుగులు కావాలి. ఆ మాట పదిమందిలో నోరు తెరిచి అడగలేను. తమ్ముడికి మంద ఉంది, పనిచేసే కుక్కలు కావాలి. కనుక దొరసానిని, పట్వారిని ఒక పాలుగా పెట్టాను. పనికిరాని బుగులును, సర్వపిండిని ఇంకో పాలుగా పెట్టాను. మందగలవాడు ఏది కోరుకుంటాడో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తమ్ముడు అరుగుమీద కూర్చుని ఆ రెండు జతలనూ చాలాసేపు చూశాడు. నా మొహం చూడలేదు. చివరికి బుగులు తలమీద చెయ్యి పెట్టి, “గిది నాకు. గిదీ, గా పండుకున్నోడూ” అన్నాడు.

పెద్దమనుషులు విస్తుపోయారు. నేను మాత్రం విస్తుపోలేదు, నాకు అర్థమైందనుకున్నాను. నాకు ఏది ప్రాణమో వాడికి తెలుసు, తెలిసే దాన్నే తీసుకుపోయాడు, పదిమందిలో నేనన్న మాటకు ఇది బదులు. ఆ రోజే వాకిలి నడుమ గోడకు ముగ్గు పోశారు.

గోడకు ఇవతల నేను, నా వంట నేను. అన్నం మాడినప్పుడల్లా అవతలినుంచి మరదలు చేసిన పప్పుచారు వాసన గోడ దాటి వచ్చేది. గోడ కట్టిన మేస్త్రీ వాసన సంగతి ఆలోచించలేదు. నా దగ్గర మంద లేని కుక్కలు, తమ్ముడి దగ్గర కుక్కలు లేని మంద. వాడు గొర్ల వెంట తానే పరుగెత్తడం కట్టమీద దూరంనుంచి కనబడేది, వెనక బుగులు, ఆ వెనక చాలా వెనక సర్వపిండి. పనిలేని పట్వారి ఇంటి కోళ్లను తోలడం మొదలుపెట్టాడు, ఊరివాళ్లు పెట్టిన పేరు అలా నిజమైంది. కానీ పొద్దుగూకితే వాడిని చూడలేకపోయేవాణ్ని. దీపం పెట్టగానే లేచి నన్ను చూసేవాడు, గోడవెంట ఆ కొసనుంచి ఈ కొసకు నడిచేవాడు, వచ్చి మళ్లీ నన్ను చూసేవాడు. ఒకడు. ఎన్నిసార్లు చూసినా ఒకడే. గోడ పగులులో ముక్కు పెడితే అవతలినుంచి బుగులు సన్నగా మూలిగేది. కొన్నాళ్లకు పట్వారి కొత్త ఉపాయం పట్టాడు: నా పంచె అంచు పట్టి, పిక్కకు ముక్కు ఆనించి, వాకిలి దాటించి, సందు తిప్పి, తమ్ముడి తలుపుదాకా తోలడం. సరిగ్గా ముప్పై అడుగులు. ఇరవై ఐదు, ఇరవై ఆరు అడుగులదాకా పోయేవాణ్ని. అక్కడినుంచి వాణ్ని గద్దించి వెనక్కి మళ్లేవాణ్ని. తర్వాత తర్వాత ఆ వేళకు నా తలుపు గొళ్లెం పెట్టడం నేర్చుకున్నాను. చదువుకున్నవాడిని కదా, ఏదైనా త్వరగా నేర్చుకుంటాను.

రెండేళ్లు అట్లా గడిచాయి. ఒక పొద్దున దొరసాని బాపు కుర్చీలోనే, దర్జా ఏమీ తగ్గకుండా, ప్రాణం విడిచింది. ఇంటికి వంద గజాల దూరంలో, కాలువ కట్టమీది మోటరు కొట్టం పక్కన, రెండు పాళ్లకూ చెందని పోరంబోకు జాగాలో గుంత తవ్వబోయాను. మోకాలు వంగలేదు, గడ్డపార దిగలేదు. తల ఎత్తి చూస్తే పట్వారి తమ్ముణ్ని తోలుకొస్తున్నాడు. వాడి భుజంమీద పార ఉంది. నేను బయలుదేరడం గోడ అవతలినుంచి చూసే ఉంటాడు, తోలుడు సాకు అయి ఉంటుంది. నా చేతిలోంచి గడ్డపార తీసుకుని తవ్వాడు. బుగులు, సర్వపిండి కూడా వచ్చి కూర్చున్నారు. దొరసానిని దాని హైదరాబాద్ దుప్పటిలోనే చుట్టి పెట్టాం. మట్టి వేసేటప్పుడు వాడు ఆ కొసన, నేను ఈ కొసన నిలబడ్డాం. పట్వారి మా చుట్టూ తిరగసాగాడు. తమ్ముణ్ని రెండడుగులు తోలాడు, నన్ను రెండడుగులు, మళ్లీ తమ్ముణ్ని ఒకటి. చూసుకునేసరికి ఇద్దరం భుజం తగిలేటంత దగ్గర నిలబడి ఉన్నాం. పట్వారి మాకు ఎదురుగా కూర్చుని మొదటిసారి నిమ్మళంగా నాలుక బయటపెట్టాడు.

తమ్ముడు గుంతవైపే చూస్తూ అన్నాడు. “ఎట్లున్నదన్నా మోకాలు.”

నొప్పి కుడి తొడదాకా పాకుతోంది. “మంచిగనే ఉన్నది” అన్నాను.

 వాడి చెయ్యి పార కట్టెను వదిలి, మళ్లీ పట్టుకుంది. తర్వాత పార భుజాన వేసుకుని కట్ట దిగిపోయాడు. పట్వారి కొంతదూరం వాడి వెనక పోయి, తిరిగి నా దగ్గరికి వచ్చి, మళ్లీ వాడి దిక్కు పోయి, చివరికి ఎటూ కాకుండా నడి గట్టుమీద పడుకున్నాడు. నేను ఒక్కడినే, ఆ వంద గజాలు, కంచె పట్టుకుంటూ ఇంటికి చేరాను.

ఆ ఎండాకాలంలోనే తమ్ముడు పోయాడు. గొర్లను మలుపబోయి కట్టమీదనే కూలబడ్డాడట, పక్కన బుగులు ఉంది. అది జన్మలో మొదటిసారి బుగులుపడకుండా ఊళ్లోకి పరుగెత్తి అందరినీ మొరిగి పిలిచిందట. గుండెకు నెత్తురు పోయే రగం పూడింది, ఇంట్లో కూర్చున్నా ఇదే జరిగేదని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాట నమ్ముతాను. పట్వారి మంద దగ్గర ఉండి ఉంటే వాడు ఎండలో పరుగెత్తేవాడు కాదు కదా అన్న మాటను కూడా నమ్ముతాను. రెండూ ఒకే మనసులో పడి ఉంటాయి, వాటి మధ్య గోడ లేదు.

పదకొండో రోజు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక మరదలు గడపలో కూర్చుని ఉంది. నోరు ఆగక అడిగాను: మంద ఉన్నవాడు ఆ జతనెందుకు కోరుకున్నాడమ్మా, నామీద అంత కోపమా అని. ఆమె నావైపు వింతగా చూసింది, ఇన్నాళ్లూ నాకు తెలుసనుకున్నదట. “కోపమెందుకు బావా. అన్న ఒక్కడే ఉంటడు, బుగులుది తోడుంటె ఏం ఫాయిద, అదే బుగులువడ్తది అన్నడు. పట్వారైతె మనిషి కనవడకుంటె ఊరంత లేపుతడు. మోకాలి మనిషి, ఏడన్న వడితె ఎవలు జూస్తరు అన్నడు. గొర్లకేంది, నేనురుకుత అన్నడు.”

ముప్పై మూడేళ్లు ఎన్నివేల జవాబు పత్రాలు దిద్దానో. నా ఇంట్లో, నా ఎదుట, చెయ్యి పెట్టి చూపించిన ఒక్క జవాబును తప్పు చదివి సున్నా వేశాను. అందులో అక్షరం కూడా తప్పు లేదు.

మరదలు గొర్లను అమ్మేసి నిర్మల్‌లో బిడ్డ దగ్గరికి పోయింది. గోడను కూలగొట్టించాను, ఇవతల ఎవరూ లేరు, అవతల ఎవరూ లేరు, అయినా. మూడు కుక్కలూ నా దగ్గరే ఉన్నాయి. బుగులు మళ్లీ నా గడప దగ్గరే పడుకునేది, కానీ తల బయటికి పెట్టుకుని. పట్వారి ఉన్నన్ని రోజులూ దీపాల వేళకు వాకిట్లోకి వచ్చి, నన్ను చూసి, సందు మొగదాకా పోయి, కట్టదిక్కు చూసి వచ్చేవాడు. గిన్నెలో మూతి పెట్టేవాడు కానీ ఎప్పుడూ సగమే. ముందు వాడు, తర్వాత బుగులు పోయారు. అందరికంటే ఎక్కువకాలం బతికింది సర్వపిండి; పరుగెత్తనివాడికి ఆయుష్షు ఎక్కువని వాడు నిరూపించాడు. చివరి రోజుల్లో మేమిద్దరమే ఆ ఇంట్లో, ఒకడు నేలకు అతుక్కుని, ఇంకొకడు కుర్చీకి అతుక్కుని. వాడు కూడా పోయాక, మోకాలికి డాక్టర్లు దగ్గర ఉంటారని ఈ కరీంనగర్‌కు వచ్చి రెండు గదుల్లో ఉంటున్నాను.

ఇక్కడ ఏమీ తక్కువ లేదు. లిఫ్టు ఉంది, నీళ్లున్నాయి, గేటు దగ్గర మనిషి రాత్రింబవళ్లు కూర్చుని వచ్చే బండ్లను రాసుకుంటాడు. చుట్టాలు ఫోన్ చేస్తారు, ఎట్లున్నవంటారు, మంచిగున్నా అంటాను, వాళ్లు ఊపిరి పీల్చుకుని పెట్టేస్తారు. అడిగే మాటా అలవాటే, చెప్పే మాటా అలవాటే. పూర్వం కూడా మనుషులు ఇంతే మాట్లాడేవాళ్లు, కానీ జవాబు వినేదాకా ఒక చెయ్యి వెనక్కి చాచి ఉండేది. ఇప్పుడు పొద్దుగూకి దీపాలు వెలిగితే, ఇంట్లో ఎందరున్నారో చూసి, ఒకడు తక్కువైతే అన్నం ముట్టనివాళ్లెవరూ లేరు. నా అంతస్తులో నాలుగు తలుపులు, నాలుగూ దీపాల వేళకే గొళ్లెం పడతాయి. నాది అందరికంటే ముందు పడుతుంది, ఆ విద్య నేను ఎప్పుడో నేర్చుకున్నాను.

నిన్న పార్కులో ఆ కుక్క నన్ను బెంచీ దాకా చేర్చి కూర్చోబెట్టాక, ఆ అమ్మాయి నా నడక చూసినట్టుంది, తాడు చుట్టుకుంటూ మామూలుగా అడిగింది: అంకుల్, మోకాలు ఎలా ఉంది అని. మంచిగనే ఉన్నదని చెప్పడానికి నోరు తెరిచాను. కింద గడ్డిలో, తెల్లనామం మొహం ఎత్తి, ఆ కుక్క నన్నే చూస్తోంది, పట్వారి చూసినట్టే, లెక్క తేలేదాకా కదలనన్నట్టు.

“నొస్తుంది బిడ్డా. జర చెయ్యియ్యి” అన్నాను.

ఇచ్చింది. లేచి నిలబడ్డాను. చిన్న చెయ్యి, మెత్తగా ఉంది. నాకు గడ్డపార పట్టి కాయలు కాచిన ఇంకో చెయ్యి తెలుసు, అది ఆనాడు పార కట్టెను వదిలి ఒక్క క్షణం ఆగింది.